వెంటపడిన కారు

"బావుంది, బావుంది. పోండి," అన్నాడు ఇటలీ పోలీసు, వచ్చీరాని స్లోవేన్ భాషలో.

స్తోయన్ ఛాతీ రెండంగుళాలు పొంగింది.

తమ దేశపు సరిహద్దు దాటి ఇటలీలోకి రాగానే పోలీసులు వాళ్ళని ఆపారు. కారు వెనక స్టాండు మీద మూడు సైకిళ్ళు. వాన పడితే తడవకుండా వాటి మీద పట్టా. పట్టా పైన, వెనకొచ్చేవాళ్ళకి హెచ్చరికగా, ఎరుపు తెలుపు చారల రేకు బోర్డు. స్టాండుకి వేరే నంబరు ప్లేటు, వేరే దీపాలు. ప్లాస్టిక్ బోర్డు కడితే ఇటలీలో జరిమానా వేస్తారని ఎవరో అంటే, నెల ముందే రేకుది కొని తెచ్చుకున్న మనిషి స్తోయన్. వంక పెట్టడానికి ఎవరికీ సందివ్వడు.

"చూశావా నివెస్? మీ తమ్ముడైతే ఈపాటికి జరిమానా కట్టి, ఏడుపు మొహంతో ఇంటికి తిరిగేవాడు."

"మా తమ్ముణ్ణి ఆడిపోసుకోకపోతే నీకు పొద్దు గడవదు," అంది భార్య.

వెనక సీట్లో ఏడేళ్ళ బ్రీనా నిద్రపోతోంది.

నవంబరు. దారి పొడవునా పొగమంచు. మధ్యాహ్నం మూడింటికే చీకటి పడ్డట్టుంది.

పెట్రోలు బంకు దగ్గర ఆగారు. తిండి సంచి డిక్కీలో ఉంది. స్తోయన్ సైకిళ్ళతో సహా స్టాండుని వెనక్కి వంచి, డిక్కీ తెరిచి, సంచి తీసుకుని, మళ్ళీ నిలబెట్టాడు. రొట్టెలు తిన్నారు. బయల్దేరబోతుంటే ఎవరో కిటికీ అద్దం మీద కొట్టారు.

అరవై దాటిన మనిషి. ఉన్ని టోపీ, మాసిన కోటు. ఇటాలియన్‌లో గబగబా ఏదో అంటూ కారు వెనక్కి చూపిస్తున్నాడు.

వీళ్ళకి ఒక్క ముక్క అర్థం కాలేదు.

"దిగుతావా?" అంది నివెస్.

"దిగితే చచ్చామే! వెనక ఏదో అయిందని చూపిస్తాడు. మనం వెర్రిమొహాల్లా వెనక్కి వెళ్తాం. వీడి జతగాడు ముందునుంచి సంచీలు లాక్కుపోతాడు. మా ఆఫీసు యోష్కో పాస్‌పోర్టులు పోగొట్టుకుంది ఇలాగే."

"పెద్దాయనలా ఉన్నాడు స్తోయన్."

"దొంగకి వయసుతో పనేంటి?"

కారు కదిలింది. ఆ మనిషి రెండు చేతులూ ఊపుతూ నాలుగడుగులు పరిగెత్తాడు.

రోడ్డెక్కిన ఐదు నిమిషాలకి పక్క అద్దంలో ఒక చిన్న తెల్ల కారు కనిపించింది. పసుపు దీపాలు రెండూ ఆరుతూ వెలుగుతున్నాయి. హారన్ మోగుతోంది.

"వాడే! వెంటపడ్డాడు!"

స్తోయన్ వేగం పెంచాడు. తెల్ల కారూ పెంచింది. తగ్గించాడు. అదీ తగ్గించింది.

ఒకసారి అది పక్కకి వచ్చింది. ముసలాయన లోపలికి తొంగిచూశాడు. బ్రీనాని చూశాడు. మళ్ళీ చేత్తో వెనక్కి చూపించాడు.

స్తోయన్ పిడికిలి చూపించాడు.

ముసలాయన ఇంకేమీ అనలేదు. దాటి ముందుకీ పోలేదు. వెనక్కి తగ్గి, అవే పసుపు దీపాలతో వీళ్ళ వెనకే రాసాగాడు.

"నాన్నా, ఎవరది?" బ్రీనాకి మెలకువ వచ్చింది.

"దొంగ తల్లీ. భయపడకు."

భయపడింది స్తోయనే. వెనక సీట్లో ఉన్నది పిల్ల. దానికేమైనా అయితే తను బతికీ ఏం లాభం?

"పోలీసులకి ఫోన్ చెయ్యనా?" అంది నివెస్.

"ఏ భాషలో చెప్తావ్? టోల్ గేటు దగ్గర ఉంటార్లే. అంతదాకా ఓపిక పట్టు."

గేటు ఇంకా రెండు కిలోమీటర్లుందనగా, అద్దంలో పసుపు దీపాలు ఒక్కసారిగా కనిపించకుండా పోయాయి.

"పీడా విరగడైంది!" అని స్తోయన్ గట్టిగా నవ్వాడు. బ్రీనా చప్పట్లు కొట్టింది. నివెస్ దణ్ణం పెట్టుకుంది.

గేటు దగ్గర పోలీసు కారు నిలబడి ఉంది. ఒక పోలీసమ్మాయి చెయ్యెత్తి ఆపింది. సరిహద్దు ఊరి పిల్ల కాబోలు, స్లోవేన్ చక్కగా మాట్లాడుతోంది.

"మీ కోసమే వస్తున్నాం తల్లీ! ఒక దొంగ వెధవ తెల్ల కారులో..."

ఆమె వినిపించుకోకుండా వెనక్కి వెళ్ళింది. వంగి, నేలమీద జీరాడుతున్న తీగ కొస పట్టుకుని పిలిచింది.

"ఇదెప్పుడు ఊడింది?"

స్టాండు దీపాల తీగ. డిక్కీ కోసం స్టాండు వంచినప్పుడు లాగుడుకి ఊడిపోయి ఉంటుంది. కారు సొంత దీపాలేమో సైకిళ్ళ పట్టా చాటున ఉన్నాయి.

"ఈ మంచులో వెనకనుంచి చూస్తే మీ కారు ఉన్నట్టే తెలీదు. ఒకాయన ఫోన్ చేసి చెప్పాడు. 'ఆగమంటే నన్ను చూసి భయపడుతున్నారు. లోపల చిన్నపిల్ల ఉంది. మీరు ఆపేదాకా నేను వెనకే ఉంటాను' అన్నాడు. ఏడీ ఆయన?"

స్తోయన్ వెనక్కి తిరిగి, వచ్చిన దారి వైపు చూశాడు.

"ఇందాకటిదాకా... ఉన్నాడు," అంది నివెస్.

పోలీసమ్మాయి భుజం మీది వైర్‌లెస్ గరగరమంది. ఆమె వింది. రెండు ప్రశ్నలు అడిగింది.

"లారీ," అంది. "వెనకనుంచి వచ్చి ఆయన కారుని గుద్దింది. ప్రాణం అక్కడికక్కడే పోయిందిట."

బ్రీనా కిటికీలోంచి తల బయటపెట్టి అడిగింది, "నాన్నా, దొంగ దొరికాడా?"

నలభై కిలోమీటర్లు తన బిడ్డ వీపు వెనక దీపమై వచ్చినవాడు ఆ దొంగేనని, పిల్లకి ఏ నోటితో చెప్పాలో స్తోయన్‌కి తెలియలేదు.