పల్లెత్తు మాట

గదిలోంచి మళ్ళీ ఆ ఆడగొంతు.

"ఏవండీ, ఓట్లప్పుడు చేతులు పట్టుకున్నవాళ్ళు, గెలిచాక మన మొహం చూస్తారంటారా?"

మామగారు పకపకా నవ్వారు. దీవెన చేతిలో చీపురు ఆగిపోయింది.

పెదపాడులో ఈ ఇంటికి కోడలిగా వచ్చి రెండు నెలలు. రోజూ సాయంత్రం ఇదే వరస. మామగారు నిత్యానందం గది తలుపు దగ్గరికి వేసుకుని ఫోను స్పీకర్లో పెడతారు. రాజకీయాలు, చర్చి పెళ్ళిళ్ళలో డీజే మోతలు, మనుషుల బుద్ధులు. ఒక్కోసారి నిన్నటి కబురే ఇవాళా. పైకి అన్నీ పెద్దమనిషి కబుర్లే. కానీ ఆ "ఏవండీ"! ఈ జిల్లాలో అందరూ అందర్నీ అండీ అనే అంటారు, నిజమే. ఇది ఆ అండీ కాదు. మొగుణ్ణి పిలిచే ఏవండీ.

"ఈ ఎండలేంటండీ బాబూ!" అంది నిన్న ఆ గొంతు. ఇక్కడేమో మూడు రోజులుగా ముసురు. అంటే ఆవిడది ఈ ఊరు కాదన్నమాట. సంఘపెద్ద అయ్యుండి ఇదేం పాడుబుద్ధి! దీవెనకి ఒళ్ళు మండిపోయింది.

అత్తగారు పుష్పమ్మని చూస్తే కడుపు తరుక్కుపోయేది. మెడచుట్టూ కొంగు కప్పుకుని ఆ గది బయటే రొయ్యలు వలుస్తుంటారు. ఉండుండి చేతులు ఆపి, కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతారు. ప్రార్థన కాబోలు. కోడల్ని ఇంతవరకూ పల్లెత్తు మాట అనలేదు ఆవిడ. అలాంటి మనిషికా ఈ అన్యాయం?

ఇక ఊరుకోలేక, కిటికీ పక్కన నిలబడి ఆ మాటలన్నీ తన ఫోన్లో రికార్డు చేసింది. భర్త అజయ్‌కి వినిపిస్తే తండ్రీకొడుకులకి చెడుతుంది, ఇల్లు రెండు ముక్కలవుతుంది. ముందు అత్తగారికే వినిపించాలనుకుంది.

"అత్తయ్యగారూ, మనసు గట్టి చేసుకోండి."

వినగానే పుష్పమ్మ కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలాయి. మళ్ళీ పెట్టమని వేలితో సైగ చేశారు. దీవెన మళ్ళీ పెట్టింది.

"ఇంకా ఎన్నాళ్ళండీ ఈ ఓర్పు? ఆవిడెవరో మామయ్యగారినే నిలదీద్దాం, రండి!"

చేపల చెరువు దగ్గర్నుంచి అప్పుడే వచ్చిన అజయ్, ఫోన్లో గొంతు విని గుమ్మంలోనే ఆగిపోయాడు. అతని మొహం పాలిపోయింది.

"దీవెనా... మన పెళ్ళికి ముందే ఆపరేషన్లో అమ్మ పోగొట్టుకున్న గొంతు, నీ ఫోన్లోకి ఎలా వచ్చింది?"