రేడియేటరు కింద తడి

"ఏం తోలినావప్పా శివరాజూ! మొన్నటి దాకా సుక్క కారని బండి. ఈ పొద్దు చూస్తే రేడియేటరు కింద మడుగు కట్టి ఉండాది. యాడ గుద్దినావో నిజం చెప్పు!"

భీమప్ప ట్రాక్టరు తోలడానికి అప్పుడే వచ్చిన శివరాజ్ మోటారుసైకిలు కూడా దిగలేదు.

"నేను గుద్దలేదన్నా. మొన్న దున్ని తెచ్చి ఈడే నిలబెట్టి పోయినా. నిన్నంతా నీ బండి ముట్టనేలేదు."

"నువ్వు ముట్టకుంటే అదే పోయి గుద్దుకోనొచ్చిందా?"

శివరాజ్ ముఖం మాడిపోయింది. "నమ్మకం లేనోళ్ళ బండి నాకొద్దన్నా. పిలిచేవాళ్ళు శానామంది ఉండారు. పోతాండా," అంటూ మోటారుసైకిలు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

భీమప్ప నోరైతే పారేసుకున్నాడు గానీ, మరుక్షణమే గుండెల్లో రాయి పడింది. కుడిచెయ్యి విరిగి కట్టుతో మెడకు వేలాడుతోంది. కాలువ నీళ్ళు తెల్లవారే మడిలోకి వచ్చేశాయి. రేపు తెల్లారితే నాట్లకు కూలీలు వస్తారు. ఇవాళ మడి దున్నకపోతే నారు ముదిరిపోతుంది. తెక్కలకోట మెకానిక్కు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. కాలువ వదిలిన వారంలో ఆయన ఎవరికీ దొరకడు. కొడుకు ఈరేశ్ కుడతినిలో కరెంటు ప్లాంటు డ్యూటీలో ఉన్నాడు.

అంతలో కోడలు రంజిత ఒక చేతిలో పైపు పానా, ఇంకో చేతిలో తెల్ల టేపు చుట్టతో బయటికొచ్చింది.

"మామా, నేను చూస్తా."

"ఇదేమన్నా కుక్కర్ అనుకున్నావామ్మా, రబ్బరు మార్చేదానికి?"

"మా నాయన పంపుసెట్ల అంగట్లో పైపులు బిగించినదాన్నే మామా. నీళ్ళు కారేది యాడైనా ఒకటే."

"బిడ్డను చెయ్యనీయయ్యా! నువ్వు సుమ్నే గమ్మున కూచో," అంటూ భీమప్ప భార్య ఉచ్చంగెమ్మ బకెట్టు పట్టుకుని పరుగున వచ్చింది. డీజిల్ వాసనకు తల తిరుగుతుందని ట్రాక్టరు దరిదాపులకు రాని మనిషి ఇవాళ ఇంత హుషారుగా ఎందుకొచ్చిందో భీమప్పకు అర్థం కాలేదు.

రంజిత రేడియేటరు కింది కొళాయి తిప్పింది. తుప్పు రంగు నీళ్ళు బకెట్టులోకి దూకాయి. రబ్బరు పైపు క్లిప్పు వదులు చేసి లాగేసరికి, ఇంజనులోకి మరతో బిగించిన ఇత్తడి వంపు ముక్క, ఎల్బో కనిపించింది. పానాతో దాన్ని విప్పి, మరల్లో ఇరుక్కున్న పాత టేపు పీకి, తీగ బ్రష్షుతో రుద్ది తళతళలాడించింది. కొత్త టేపు చుట్టబోతుంటే భీమప్ప ఆగలేకపోయాడు.

"అట్ల కాదమ్మా, ఇటు నుంచి అటు చుట్టు."

రంజిత ఏదో అనబోయి, మామ మాట తీసెయ్యలేక ఆయన చెప్పినట్టే చుట్టింది. ఎల్బో తిప్పేకొద్దీ టేపు ఊడి సేమ్యాలాగా బయటికొచ్చింది. రబ్బరు పైపు తగిలించి నీళ్ళు పోశారు. టప్... టప్... టప్.

ఉచ్చంగెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఈసారి నాకు తోచినట్టు చుట్టేదా మామా?"

"ఆఁ, చుట్టు. నేనూ అదే చెప్తాండా కదా!"

ఈసారి రంజిత మర బిగిసే వైపుకే టేపును లాగి లాగి చుట్టింది. ముందు చేత్తో తిప్పి, తర్వాత పానా వేసింది.

"ఇంకొంచెం బిగించమ్మా!"

"ఇత్తడి మామా, పగులుతుంది. సాకు, ఇంతే చాలు."

మళ్ళీ నీళ్ళు పోస్తే ఎల్బో దగ్గర చుక్క కారలేదు. తీరా చూస్తే కింది కొళాయి మరలోంచి సన్నగా ఊరడం మొదలైంది. దాన్నీ విప్పి, తుడిచి, టేపు చుట్టి బిగించి, మళ్ళీ నీళ్ళు నింపింది. భీమప్ప వంగి తన పంచె చెంగుతో అన్ని అతుకులూ ఒత్తి చూశాడు. చెంగుకు తడి తగల్లేదు.

"భలే దానివమ్మా! మా ఈరేశ్ గాడు అదృష్టవంతుడు," అని పొద్దున్నుంచి మొదటిసారి నవ్వాడు. అంతలోనే నవ్వు ఆగిపోయింది. "బండి బాగయింది సరే, తోలేదెవరు?"

శివరాజ్‌కు ఫోన్ చేశాడు. అటువైపు కట్ చేశాడు. మళ్ళీ చేశాడు. మళ్ళీ కట్.

"రంజితమ్మా, నీకు తోలేది వచ్చునా?"

"వచ్చు మామా. నాకంటే బాగా తోలేటోళ్ళు కూడా ఇంట్లో ఉండారు," అంటూ రంజిత వెనక్కి చూసింది.

ఉచ్చంగెమ్మ అప్పటికే కొంగు నడుముకు దోపుకుని, చక్రం మీద కాలు పెట్టి సీటెక్కేసింది. క్లచ్ తొక్కింది, తాళం తిప్పింది. ముసలి బండి గుడగుడలాడి లేచింది. వెనక్కి తీసి, గడ్డివామి అంచు తగలకుండా మలుపు తిప్పి, వాకిలి వైపు నిలబెట్టింది. భీమప్ప బండి దగ్గరికి పరుగెత్తాడు.

"యాడ నేర్చుకున్నావే?"

"నీ కోడలే నేర్పించింది. నువ్వు సంగటి తిని పండుకుంటావు కదా, ఆ పొద్దులో."

"నాకు సప్పుడే వినపళ్ళేదే!"

"నీ గురకలో బండి సప్పుడు యాడ వినపడుతుందయ్యా?"

భీమప్ప పకపకా నవ్వాడు. విరిగిన చెయ్యి నొప్పెట్టినా నవ్వాడు. ఊళ్ళో ఎవరి పెళ్ళామైనా ట్రాక్టరు తోలుతుందా అని ఛాతీ ఉబ్బించాడు. వాకిలి దాటబోతున్న బండిని ఉచ్చంగెమ్మ ఉన్నట్టుండి ఆపింది.

"ఏమయ్యా, పాపం ఆ శివరాజు ఇంటికి పోయి తప్పయిందని చెప్పిరా."

"నేనెందుకు చెప్పాల? బండి గుద్దినోడు వాడు!"

ఉచ్చంగెమ్మ గేరు వేసింది.

"నిన్న మధ్యాన్నం కాలువ గట్టుకు గుద్దింది నేను!"