చేను కాపలా

మొక్కజొన్న చేని చుట్టూ కరెంటు తీగ కడుతున్న ఇన్నయ్యకు ఫారెస్టు వాచర్ చక్రధర్ అడ్డం వచ్చాడు.

"బాబాయ్, ఆ తీగ పీకెయ్. అడవిలోంచి పెద్దపులి మన దుర్గి ఊరి పక్కకొచ్చింది. దీనికి తగిల్తే చచ్చిద్ది."

"నేను కట్టేది అడవి పందులకిరా. పోయినేడు మంద దిగి సగం చేను తొక్కినయ్. రాత్రుళ్లు డబ్బా కొట్టీ కొట్టీ నా రెక్కలు పడిపోయినయ్."

"ఉన్న పులులే కాసిని, బాబాయ్!"

"నాకున్న చేను ఒకటే."

గట్టు మీద గడ్డి కోస్తున్న ఆయన భార్య గ్రేసమ్మ తలెత్తింది. "అది ఎప్పుడొచ్చిందయ్యా, చక్రధరా?"

"పోయిన ఆదివారం పిన్నీ. మీ వాగులోనే అడుగులు కనబడ్డయ్."

"ఏమయ్యో, ఆదివారం నుంచి మన చేలో ఒక్క పందన్నా దిగిందా?"

ఇన్నయ్య చేతులు ఆగిపోయాయి. వారం రోజులుగా చేలో ఒక్క కర్ర కూడా విరగలేదు.

"మరి నీ డబ్బా మోతకే పారిపోయినయ్యని ఊరంతా చెప్పుకొస్తివే!" అంది గ్రేసమ్మ.

చక్రధర్ నవ్వు దాచుకోవడానికి వాగు వైపు తిరిగాడు. ఇన్నయ్య ఒక్కో గుంజ దగ్గరా తీగ విప్పుకుంటూ వెళ్లాడు. అంతా చుట్ట చుట్టి అతని చేతిలో పెట్టాడు.

"ఒరేయ్, మీవోళ్లు దాన్ని మళ్లా అడవిలోకి తోలతారంటగా?"

"అట్టనే అంటున్నారు బాబాయ్."

ఇన్నయ్య పచ్చి కండెల వంక చూసుకున్నాడు.

"తొందరేముందిరా? మా కండెలిరిచిందాకా ఉండనియ్యమను."