పేరు చెప్పని ఓటు

“రెండిట్ల ఒక్కటే తీస్కోవాలెనట నాయినా! కాలేజీల రాజనీతి శాస్త్రం ఓ డిపార్ట్‌మెంటు, మనస్తత్వ శాస్త్రం ఇంకో డిపార్ట్‌మెంటు. రెండూ కలిపి ఇయ్యరట!” తాండూరు స్టేషన్ బెంచీ మీద చంద్రకళ విసుక్కుంది. బండి హైదరాబాద్ చేరేలోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి.

“గీ మాత్రానికి పరేషానెందుకు? రాజనీతే తీస్కో,” అన్నాడు మల్లారెడ్డి. “మన వార్డుల అందరూ మనోళ్లే. అయినా పంచాయతీ మెంబర్‌గ నేనెట్ల ఓడిన్నో చదివి చెప్పు.”

ఓడిన నాటి నుంచి ఇంట్లో ఇదే పాట. చంద్రకళ తల పట్టుకుంది.

సద్దిమూట కడుతున్న గోవిందమ్మ తలెత్తకుండానే అంది: “చీటీ లేదు, డబ్బ లేదు. ఎవరికేస్తవని ఆఫీసర్ నోటితోనే అడిగిండు. మొగని పేరు ఎట్ల చెప్త? నీ మీద నిలబడ్డ నర్సింలు పేరు చెప్పిన.”

మల్లారెడ్డి బెంచీ మీద నుంచి లేచాడు. “మరి తమ్ముల పెండ్లాలు?” అన్నాడు.

“వాళ్లు గూడ గంతే. బావ పేరు ఎత్తుతరా?”

“నీ తెలివి తగలెయ్య! ‘మా ఇంటాయనకు’ అంటే రాసుకోకపోవునా?”

గోవిందమ్మ మూట ముడి గట్టిగా బిగించింది.

“రాసుకుంటుండె,” అంది నిమ్మళంగా.

మల్లారెడ్డి ఆమె వంక చూశాడు. ఆమె మూటను కూతురి చేతిలో పెట్టింది.

బండి వచ్చింది. కిటికీలోంచి పెట్టె అందిస్తూ మల్లారెడ్డి గొంతు తగ్గించాడు.

“బిడ్డా... గా రెండోదే తీస్కో.”