పైవీధి దారి

"పెట్టె ఇచ్చేది లేదు. పో," అంది ఆనందమ్మ, తాళంచెవి కొంగున ముడేసుకుంటూ.

చర్చి వరండాలో నిలబడ్డ మునీంద్ర కదల్లేదు.

శవం చెడకుండా ఉంచే ఆ ఐసు పెట్టెను సత్యవేడు చుట్టుపక్కల ప్రెస్బిటేరియన్ సంఘాలన్నీ కలిసి కొన్నాయి. తెలుగులో కీర్తనలు పాడేవాళ్లూ తమిళంలో పాడేవాళ్లూ ఏనాడూ ఒక మాట మీద నిలిచింది లేదు. ఈ ఒక్క పనికి మాత్రం ఒకటయ్యారు. ఎవరొచ్చి అడిగినా కులం, మతం చూడకుండా ఇవ్వాలని పెట్టె మీదే రాయించారు.

"ఆ రాత సూసే వచ్చినానక్కా."

అక్కా అట. నిన్నటిదాకా పేరు పెట్టి పిలిచిన నోరు. అవసరమొస్తే వసుదేవుడంతటివాడే గాడిద కాళ్లు పట్టుకున్నాడు, ఈ పైవీధివాడెంత అనుకుందామె. తీరా గాడిద ఎవరవుతారో అని మాత్రం ఆలోచించలేదు.

"పోయిన నెల మా జ్ఞానాంబ శవాన్ని మీ వీధిలో పోనిచ్చినారా? దారికి అడ్డంగా ట్రాక్టరు పెట్టిరి. వాగులో మోకాటిలోతు బురదలో మోసినాం. ఆ పొద్దు నువ్వూ ఆడనే ఉండావు."

"ఉండాను." అతను తలెత్తలేదు.

"మా ఆయన మెత్తనోడు. సంఘపెద్దని పేరేగానీ, తెల్లారితే మీ గడపల కాడ నిలబడి దారి ఇయ్యండని బతిమాలతాడు. నేనట్ల కాదబ్బా."

"కూతురు దూరం నుంచి రావాలక్కా. ఈ ఎండకు రేపటిదాకా నిలవదు." మునీంద్ర తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

ఆనందమ్మకు జాలేసింది. అయినా మనసు బిగబట్టుకుంది.

"సరే, ఒక మాట. మా శవాలు ఇంక మీ వీధిలోనే పోవాల. మీ పెద్దోళ్లు ఒప్పుకుంటే తాళం తీస్తా."

"ఒప్పుకున్నారక్కా. ఇప్పుడే, అందరూ కలిసి."

నెలనాళ్లుగా కానిది ఒక్క పూటలో అయిపోయిందా? పట్టరాని సంతోషం వచ్చింది. ఈ కబురు ముందుగా మొగుడి చెవిన వేయాలనుకుంటూ గబగబా ముడి విప్పింది.

తాళం తీసి, ఇద్దరూ కలిసి పెట్టెను అతను తెచ్చిన ఆటోలోకి ఎక్కించారు. ఆనందమ్మ చేతులు దులుపుకుని పుస్తకం తెరిచింది.

"పేరు రాసుకోవాల. పోయింది ఎవరు?"

మునీంద్ర ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"మా అరుగు మీద కూసోని దారి సంగతి మాట్లాడతానే గుండె పట్టుకొని ఒరిగిపోయినాడక్కా. రేపు మా వీధిలో మొదట పోయేది మీ ఆయనే."