తాత సంగతి

“గంజికి మతం మారినోళ్ల కాడ మా పిల్లోళ్లు సదవరని ఊరోళ్లు అంటాండారప్పా. నేనేం చెప్పేది?” అరుగు మీద కూర్చుంటూ అడిగాడు హెడ్మాస్టరు దక్షిణామూర్తి.

ప్రేమానందం ఉలకలేదు. జమ్మలమడుగు బడిలో అయ్యవారుగా చేరిన నాటి నుంచీ, ఆంధ్ర రాష్ట్రం రాకముందు నుంచీ, ఆ మాట విని విని మొద్దుబారిపోయాడు.

“అబద్ధమని చెప్పండి సార్,” అన్నాడు ఎప్పటిలాగే.

“అబద్ధమెట్లయితాది?” చాటలో బియ్యం ఏరుతున్న అతని తల్లి మార్తమ్మ తలెత్తకుండానే అంది. “గంజికే సామీ. డొక్కల కరువులో మా నాయన దోవలో పడిపోయింటే మిషను దొరలు గంజి పోసి బతికించినారు. అందుకే వాళ్లల్లో కలిసినాడు.”

దక్షిణామూర్తి ఇబ్బందిగా కదిలాడు.

“మళ్లా వానలు పడినాయి. గంజి పోసేది నిలిపేసినారు. మా నాయన మాత్రం నిలపలే. సచ్చేదాకా ఆదివారమైతే నాలుగు మైళ్లు నడిచి ప్రార్థనకు పోయొచ్చేటోడు. అది గూడా చెప్పు సామీ వాళ్లకు.”

ఇన్నేళ్లూ తాతను తానే దాచిపెట్టినట్టు అనిపించింది ప్రేమానందానికి.

“మీరేం చెప్పొద్దు సార్,” అన్నాడు మెల్లగా. “రేపు వాళ్లను బడికి రమ్మనండి. మా తాత సంగతి నేనే చెప్తా.”