పెదాలు కదిపితే చాలు

అక్కా, పాపసంకీర్తనంలో ఫాదర్ ముందు ఒప్పుకోలేక నీకు రాస్తున్నాను.

ఇరవై ఏళ్లుగా మఠం పంపిన చోటల్లా పాడుతున్నాను. నా రికార్డులు ఇంటింటా మోగుతున్నాయి, నాకు మాత్రం జపానికి తీరిక లేదు. మానేస్తానంటే మదర్ ఒప్పుకోరు. అందుకే గొంతు పోయిందని, డాక్టరు విశ్రాంతి ఇమ్మన్నారని అబద్ధమాడాను.

మదర్ నా చేయి నిమిరారు. "అయ్యో తల్లీ! నువ్వేం పాడక్కర్లేదు. పాత రికార్డు వేస్తాం, పెదాలు కదిపితే చాలు."

నిన్న హాలు నిండా జనం. రికార్డు పాడుతుంటే పెదాలు కదుపుతూ, ఎన్నాళ్లకో, జపమాల మొత్తం చెప్పుకున్నాను. వేదిక దిగి వస్తుంటే ఒకావిడ కళ్లు తుడుచుకుంది. "మీరు పాడుతుంటే అచ్చం ప్రార్థన చేస్తున్నట్టే ఉందండీ, సిస్టర్!"

అబద్ధం ఒప్పుకుంటే మళ్లీ పాడాలి. ఒప్పుకోకపోతే ఆ జపం దేవుడికి చేరుతుందా?

పోస్టుకార్డే అయినా, దారిలో ఎవరూ చదవకుండా కవరులో పెట్టాను. దాచుకో, ఎవరికీ చూపించకు.